పేరు పక్కన గడి (పేర్ల చరిత్ర – 6వ భాగం)

పోయిన భాగం చదివిన విద్యార్థి మిత్రులు కొందరు ఫోన్ చేసి ఒకటే ప్రశ్న అడిగారు. "అన్నా, పేరును బట్టి మనిషిని తూకం వేసే జబ్బు మన దేశానికేనా? తెల్లోళ్లకు లేదా?" ఈ ప్రశ్నకు అవును, కాదు అని ఒక్క మాటలో చెప్పలేను. అందుకే ఈసారి మిమ్మల్ని ఏడు వందల ఏళ్ల కిందటి ఇంగ్లండ్ కోర్టులకు తీసుకుపోతున్నాను. మధ్యలో కొన్ని పచ్చి మాటలు వస్తాయి. అవి నేను పెట్టినవి కావు, జడ్జీల ఎదుట గుమస్తాలు రాసిపెట్టినవి.

1310 డిసెంబరు. ఇంగ్లండ్‌కు వాయవ్యాన చెస్టర్ కౌంటీ కోర్టు. గుమస్తా తోలు చుట్ట మీద లాటిన్‌లో పేర్లు రాసుకుపోతున్నాడు. ఎన్నిసార్లు పిలిచినా హాజరు కాని వాళ్ల పేర్లు అవి. అందులో ఒకడు రోజర్ ఫక్‌బైదనావెల్. తెలుగులో వీలైనంత మర్యాదగా చెప్తే, 'బొడ్డుతో కాపురం చేసేవాడు'. 1311 సెప్టెంబరు దాకా ఆ పేరు మూడుసార్లు రికార్డుకెక్కింది. చివరికి అతన్ని చట్టానికి బయటివాడుగా ప్రకటించారు. కీల్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ బూత్ అనే చరిత్రకారుడు ఈ చుట్టలు చదువుతూ ఆ పేరు దగ్గర ఆగాడు. 2015లో అది పత్రికలకెక్కింది. ఇంగ్లిష్‌లో ఇప్పుడు పిల్లాజెల్లా అందరి నోటా ఉన్న ఆ నాలుగక్షరాల బూతు, కచ్చితంగా సంభోగం అనే అర్థంలో దొరికిన తొలి ఆధారాల్లో ఇదొకటి. అంతకుముందు అదే ధ్వనితో పేర్లు లేకపోలేదు. 13వ శతాబ్దం చివర ఇప్స్‌విచ్‌లో సైమన్ ఫకెబటర్ అనే మనిషి కనిపిస్తాడు. అక్కడ ఆ మాటకు కొట్టడం, చిలకడం అని అర్థం. వెన్న చిలికేవాడన్నమాట. మజ్జిగ కవ్వం తెలిసిన మనకు ఇందులో బూతేమీ కనపడదు.

రోజర్ కథ చదివి లోకమంతా నవ్వింది, నేనూ నవ్వాను. పెళ్లాం దగ్గర ఏం చేయాలో తెలియని అమాయకుడని ఊరి కుర్రాళ్లు పెట్టిన వెక్కిరింపు పేరు అయ్యుంటుంది. మందమతి అనే తిట్టు కూడా కావచ్చునని బూత్ అభిప్రాయం. ఏదైనా సరే, ఆ పేరు రోజర్ పెట్టుకున్నది మాత్రం కాదు. రచ్చబండ దగ్గర మొదలైన ఒక ఎగతాళి మూడుసార్లు కోర్టులో గట్టిగా పిలవబడి, రాజముద్ర కింద శాశ్వతమైంది. చట్టానికి బయటివాడంటే ఆనాటి లెక్కలో తోడేలు తల ఉన్నవాడు. అతని సొత్తు పోతుంది, రక్షణ పోతుంది. అంత పెద్ద శిక్ష వేస్తూ కూడా, "ఇతని అసలు పేరేమిటి?" అని అడగాలని ఎవరికీ తోచలేదు.

ఈ పేర్లు మనకు ఎందుకు విలువైనవో అర్థం కావాలంటే ఆ కాలపు భాషల సంగతి తెలియాలి. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచారు. అప్పటినుంచి మూడు వందల ఏళ్లు పాలకుల మాట ఫ్రెంచి, కాగితం లాటిన్, జనం ఇంగ్లిష్. కోర్టులో వకీలు ఫ్రెంచిలో వాదిస్తాడు, గుమస్తా లాటిన్‌లో రాస్తాడు, నేలను దున్నినవాడు తన గురించి ఏం మాట్లాడుతున్నారో తెలియక నిలబడి చూస్తాడు. నిజాం కాలం నాటి పట్టా కాగితాన్ని ముందు పెట్టుకుని, ఉర్దూ చదవగల పట్వారీ ఏం చెప్తే అదే నిజమనుకున్న మన తెలంగాణ తాతలు గుర్తుకొస్తే మీకు ఆ బొమ్మ కళ్లకు కడుతుంది. కోర్టులో ఇంగ్లిష్‌లో వాదించాలని 1362లో చట్టం వచ్చింది గానీ, రాత మాత్రం లాటిన్‌లోనే సాగింది. ఆ లాటిన్ రాత పూర్తిగా పోయింది 1733లో.

అంటే వందల ఏళ్లపాటు మామూలు జనం వాడిన ఇంగ్లిష్‌ను పనిగట్టుకుని రాసిపెట్టినవాడు అరుదు. అయితే గుమస్తాకు ఒక ఇబ్బంది ఉంది. ఊరివాళ్ల మారుపేరును లాటిన్‌లోకి మార్చలేడు, మారిస్తే మనిషి దొరకడు. అందుకని బారెడు లాటిన్ వాక్యం మధ్యలో ఉన్నట్టుండి ఒక పల్లెటూరి ఇంగ్లిష్ మాట, మట్టికాళ్లతో వచ్చి కూర్చుంటుంది. నిఘంటువులు చేసేవాళ్లకు ఇవి గనులు. పుస్తకాల్లో ఎక్కడా కనపడకముందే ఎన్నో మాటలు, ముఖ్యంగా చేతిపనుల మాటలు, ఇంటిపేర్లలో కనిపిస్తాయి. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం పండితులు వీటిని వెలికితీయడంలో పెద్దపని చేశారు. గుస్తావ్ ఫ్రాన్సన్ 1935లో వృత్తి పేర్ల మీద రాసిన పుస్తకం ఇప్పటికీ పనికొస్తుంది. పండితుల పుస్తకాల్లో చోటు దొరకని శ్రమజీవుల భాష పోలీసు, పన్ను, కోర్టు కాగితాల్లో బతికింది. మన చరిత్ర వెతికేవాళ్లకు ఈ సంగతి కొత్తేమీ కాదు.

కొన్ని పేర్లు చెప్తాను, సరదాగా ఉంటాయి. డ్రింక్‌వాటర్ అంటే నీళ్లు తాగేవాడు. సారాయి కొనలేని బీదవాడో, ఎప్పుడూ తాగి ఉండేవాణ్ని తిరగేసి పిలిచారో చెప్పలేం. పెనీఫాదర్ అంటే పైసా కూడా వదలని పిసినారి. డూలిటిల్ సోమరి. గోటుబెడ్ సంగతి చెప్పక్కర్లేదు. షేక్‌స్పియర్ అంటే ఈటె ఊపేవాడు, బ్రేక్‌స్పియర్ అంటే ఈటె విరిచేవాడు. ఈ రెండోపేరున్న నికొలస్ 1154లో పోప్ అయ్యాడు. ఇంగ్లండ్ నుంచి పోప్ అయినవాడు ఇప్పటికీ ఆయన ఒక్కడే. సఫోక్‌లోని హెమింగ్‌స్టన్‌లో రోలండ్ అనే విదూషకుడికి 30 ఎకరాల భూమి ఉండేది. దానికి శిస్తు ఏమిటంటే, ఏటా క్రిస్మస్ రోజున రాజుగారి ముందు ఒక గెంతు, ఒక ఈల, ఒక పిత్తు. ఇది కట్టుకథ కాదు, 13వ శతాబ్దపు భూముల రిజిస్టరులో లాటిన్‌లో ఉంది. అతని పేరు కూడా రోలండ్ పిత్తులవాడు అనే రికార్డైంది. దున్నేవాడికి సెంటు సొంత నేల లేని కాలంలో ఇదీ భూపంపిణీ.

నాకు బాగా నచ్చిన పేరు కాచ్‌పోల్. దాని అసలు రూపానికి అర్థం కోళ్లు తరిమేవాడు. అప్పు కట్టలేని ఇంటి మీదికి వచ్చి, ఏమీ దొరక్కపోతే పెరట్లో కోడిని పట్టుకుపోయే బంట్రోతు. రాజుకు అతను అధికారి. ఊరికి మాత్రం కోళ్ల దొంగ. ఈ ఒక్క పేరు ఊరివైపు నుంచి రాసింది. కింది నుంచి పైకి వేసిన రాయి అరుదుగానైనా రికార్డులో తగిలిందని చూసినప్పుడు నాకు భలే సంతోషమేసింది.

ఆడవాళ్ల సంగతికి వద్దాం. వెబ్‌స్టర్, బ్రూస్టర్, బాక్స్‌టర్ అనే ఇంటిపేర్లు మీరు వినే ఉంటారు. ఆ చివరి 'స్టర్' మొదట్లో స్త్రీలింగ ప్రత్యయం. నేసే ఆమె, సారాయి కాచే ఆమె, రొట్టెలు కాల్చే ఆమె. తరవాత మగవాళ్లకూ అవే పేర్లు వాడారు, ఆపైన ఇంటిపేర్లయ్యాయి. ఆడవాళ్ల పనికి మిగిలిన ఆనవాలు ఆ నాలుగక్షరాలు. నూలు వడికే ఆమె స్పిన్‌స్టర్. ఆ మాట కోర్టు కాగితాల్లో నలిగి నలిగి, పెళ్లికాని ఆడది అనే హోదాగా మారింది. పని చెరిగిపోయి మొగుడు లేని సంగతి మిగిలింది. ఇంగ్లండ్ పెళ్లి రిజిస్టర్లలోంచి ఆ మాట తీసేసింది 2005లో! తల్లి పేరుతో వచ్చిన ఇంటిపేర్లు కూడా ఉన్నాయి. టిలట్‌సన్ అంటే మటిల్డా కొడుకు, మెగ్‌సన్ అంటే మార్గరెట్ కొడుకు. అలాగని మురిసిపోనక్కర్లేదు. ఆడమనిషిని చట్టానికి బయటిదిగా ప్రకటించే వీలు కూడా ఆనాటి చట్టంలో లేదు. ఎందుకంటే ఆమె మొదట్నుంచీ మగవాళ్లలా చట్టం లోపల ప్రమాణం చేసి చేరింది కాదని లెక్క. ఆమెను 'వదిలేసినది' అని రాసేవాళ్లు. ఆక్స్‌ఫర్డ్‌లో 1230 ప్రాంతంలో ఒక సందుకు పెట్టిన పేరులో ఆడవాళ్ల శరీరభాగం, దాన్ని తడిమే చెయ్యి రెండూ ఉన్నాయి. విద్యాకేంద్రమైన పట్టణం నడిబొడ్డున, అధికారిక పత్రాల్లో. ఇప్పుడు దాని పేరు మాగ్‌పై లేన్.

ఇంతవరకూ నవ్వు పాలు ఎక్కువ. ఇక్కడినుంచి అలా ఉండదు.

ఆనాటి ఇంగ్లండ్‌లో పల్లెజనంలో చాలామంది స్వేచ్ఛ లేనివాళ్లు. వాళ్లను విలన్లు అనేవాళ్లు. అవును, మన సినిమాల్లో వాడే ఆ మాటే. విల్లా అంటే దొర ఎస్టేటు, ఆ ఎస్టేటుకు కట్టుబడ్డ దున్నేవాడు విలన్. వెట్టిచాకిరీ చేసినవాడి పేరు కాలక్రమంలో దుర్మార్గుడికి పేరైంది. మన తెర మీద గడీ దొరను విలన్ అంటున్నప్పుడు, ఆ మాట పుట్టినచోట అది దొర చేతికింద మనిషి పేరని ఎవరికి తెలుసు? ఇది ఒక్క మాటకు పట్టిన గతి కాదు. ఇంగ్లిష్‌లో మోటు మనిషిని చర్ల్ అన్నా, బూర్ అన్నా, ఆ రెండూ ఒకప్పుడు కింది రైతుల పేర్లే. మంచి నడవడి ఉన్నవాడు మాత్రం జెంటిల్‌మన్, అంటే మంచి వంశం వాడు. మనం రోజుకు పదిసార్లు వాడే 'చండాలం' అనే మాట ఎవరి పేరు నుంచి వచ్చిందో ఈ పేజీ చదివేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

విలన్ కూతురికి పెళ్లి చేస్తే దొరకు రుసుం కట్టాలి. పెళ్లికాని పిల్ల ఎవరితోనైనా పోతే దానికీ జరిమానా, దానికో ప్రత్యేక పేరు. ఊరు విడిచి బయట బతకాలంటే ఏటా ఒక రుసుం. ఇంటి పెద్ద చస్తే ఉన్నవాటిలో మంచి గొడ్డు దొరకు పోతుంది. భూమి గురించి దొర మీద రాజు కోర్టుకెక్కితే దొర ఒక్కమాట అంటే చాలు: వీడు నా విలన్. అప్పుడు విచారణ భూమి మీది నుంచి మనిషి పుట్టుక మీదికి మళ్లుతుంది. బంధువులను తెచ్చి నిలబెడతారు. బాబాయి విలన్ అయితే, మేనమామ విలన్ అయితే, వీడూ విలన్. రికార్డుల్లో కొందరి పేరు పక్కన 'రక్తం చేత బానిస' అని రాసి ఉంటుంది.

విలన్లను దొర మరొక దొరకో, మఠానికో ఇచ్చేసే పత్రాల్లో ఒక లాటిన్ మాట ఉంటుంది, సీక్వెలా. ఫలానా వాణ్ని 'వాడి సీక్వెలాతో సహా' ఇస్తున్నాను అని. వెనక నడిచి వచ్చేది అని అర్థం. పెళ్లాం, పిల్లలు, కుటుంబం అని రాయొచ్చు కదా, లాటిన్‌లో ఆ మాటలు లేకనా? ఆవు వెంట దూడలు వచ్చినట్టు మనిషి వెంట పిల్లలు. ఆ పక్కనే వాడి 'కటల్లా' కూడా ఇస్తున్నాను అని ఉంటుంది. ఆ మాట నుంచే ఇంగ్లిష్‌లో సొత్తు అనే మాటా వచ్చింది, పశువులు అనే మాటా వచ్చింది. నేను ఈ వాక్యాన్ని మొదటిసారి అర్థం చేసుకుని చదివిన రోజు ఆ పూట ఇంకేం చదవలేకపోయాను.

ఇక ఇంటిపేర్ల వైపు చూడండి. ఫ్రాంక్లిన్ అంటే స్వేచ్ఛగా భూమి కలిగిన రైతు. ఫ్రీమన్ సరే, ఫ్రై అన్నా అదే అర్థం. బాండ్ అంటే? నార్స్ భాషలో బోండీ అంటే ఇల్లూ పొలం ఉన్న కాపు. నార్మన్లు వచ్చాక ఆ కాపు కిందికి జారి వెట్టివాడయ్యాడు, అతనితోపాటు మాట కూడా జారింది. జేమ్స్ బాండ్ పేరును ఇయాన్ ఫ్లెమింగ్ ఒక పక్షి శాస్త్రవేత్త నుంచి తీసుకున్నాడు. సూటు వేసుకుని "బాండ్" అని గర్వంగా చెప్పుకునే ఆ హీరో ఇంటిపేరుకు ఏడు వందల ఏళ్ల కింద ఉన్న అర్థం కట్టుబానిస. ఇంకోరకం పేర్లు ఆడీమన్, మాథ్యూమన్. ఆడమ్ దగ్గర పనివాడు, మాథ్యూ దగ్గర పనివాడు. తన తండ్రి పేరు కూడా దక్కక యజమాని పేరు తగిలించుకుని పన్ను జాబితాకెక్కిన జీతగాళ్లు వీళ్లు. 'ఫలానా రెడ్డి గారి జీతగాడు' అని తప్ప ఇంకో పేరుతో ఊరికి తెలియని మన పెద్దలను నేను చూశాను.

ఈ కాగితాల మీద జనానికి ఎంత కసి ఉందో 1381లో తేలింది. పదిహేనేళ్లు దాటిన ప్రతి మనిషీ ఒక షిల్లింగు తలపన్ను కట్టాలన్నారు. నాలుగేళ్ల కింద అదే పన్ను నాలుగు పెన్నీలు, అంటే ఇప్పుడు మూడు రెట్లు. తూర్పు ఇంగ్లండ్ రైతులు తిరగబడ్డారు. లండన్ వైపు నడిచారు. ఊరూరా వాళ్లు చేసిన మొదటి పనుల్లో ఒకటి దొరల కోర్టు చుట్టలు తగలబెట్టడం. చరిత్ర రాసిన మఠాధికారులు దీన్ని మూర్ఖుల విధ్వంసం అన్నారు. నాకు అలా అనిపించదు. మనిషి విలన్ అనడానికి సాక్ష్యం ఆ చుట్టలోనే ఉంది. అది కాలితే బంధం కాలుతుంది. ఇంతకన్నా తెలివైన పని ఏముంటుంది? కేంబ్రిడ్జ్ సంతవీధిలో విశ్వవిద్యాలయం పత్రాలు తగలబెట్టినప్పుడు మార్జరీ స్టార్ అనే ముసలమ్మ ఆ బూడిదను గుప్పిళ్లతో గాలికి ఎగరేస్తూ, గుమస్తాల చదువులు నాశనమవాలని అరిచిందట. చదువు మీద కోపమా అది? ఆ చదువు తన చేతికి రాకుండా తన నెత్తి మీద ఎక్కినందుకు కోపం.

ఇంకోటి గమనించండి. ఆ తిరుగుబాటుదారుల మధ్య తిరిగిన ఉత్తరాల్లో పేర్లు ఇలా ఉంటాయి: బండి తోలే జాక్, మిల్లు జాక్, నిజాయితీ జాక్. నాయకుడు వాట్ టైలర్ పేరులోనూ పెంకులు నేసే పని ఉంది. దొరల గుమస్తా వాళ్లకు పని పేరు పెట్టింది గుర్తుపట్టి పట్టుకోవడానికి. వాళ్లు అదే పని పేరును ముసుగుగానూ జెండాగానూ వాడుకున్నారు. దేశంలో ఎంతమంది బండి తోలే జాక్‌లు ఉన్నారో ఏ అధికారి లెక్కపెట్టగలడు? తిరుగుబాటు నెలరోజుల్లో అణిగింది. జూన్ 15న టైలర్‌ను చంపారు. సమానత్వం బోధించిన పాస్టర్ జాన్ బాల్‌ను జూలై 15న సెయింట్ ఆల్బన్స్‌లో చంపారు.

ఇప్పుడు శీర్షికలో ఉన్న గడి. 1413లో ఐదో హెన్రీ పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఒకే పేరున్న వాళ్లు చాలామంది ఉండటంతో ఒకడికి బదులు ఇంకొకడు చట్టానికి బయటివాడైపోతున్నాడు. కనుక ప్రతివాది పేరు పక్కన అతని హోదా, వృత్తి, ఊరు తప్పక రాయాలి. ఆ రాతకు పెట్టిన పేరు అడిషన్, అంటే చేర్పు. రోజర్‌కు ఊరు పెట్టిన చేర్పు వెక్కిరింపు. ఇప్పుడు చేర్పు పెట్టే పని రాజ్యం తీసుకుంది. అప్పటినుంచి రికార్డుల్లో పేరు పక్కన కూలి, సేద్యగాడు, నేతగాడు, స్పిన్‌స్టర్ వరసగా కనిపిస్తాయి. పెద్దమనిషి అనే అర్థంలో జెంటిల్‌మన్ ఒక చట్టపరమైన హోదాగా వ్యాపించింది కూడా ఈ చట్టం తరవాతే. గడి పెట్టాక అందులో ఏదో ఒకటి రాయాలి కదా.

ఆ అడిషన్ ఓడెక్కి మన దేశానికి వచ్చింది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం తీసి రెండో సెక్షన్ చూడండి. చట్టంలో మొట్టమొదటి నిర్వచనం 'అడిషన్'. నివాసం, వృత్తి, హోదా, బిరుదు. ఇంతవరకూ 1413 నాటి వాసనే. ఆ తరవాత, భారతీయుడైతే అతని కులం, తండ్రి పేరు కూడా అని చేర్చారు. ఇంగ్లండ్ చేర్పుకు ఇండియా చేర్పు.

మా ఇంట్లో ట్రంకు పెట్టెలో 1949 నాటి క్రయ దస్తావేజు ఒకటి ఉంది. అరవై సెంట్ల చేను. అమ్మినాయన పేరు చివర గారు, ఆయన తండ్రి పేరు చివర గారు, ఆయన వారి 'కుమారులు'. కొన్నది మా తాత. పైసా పైసా కూడబెట్టి మొత్తం సొమ్ము ముందే చెల్లించింది ఆయనే. ఆయన పేరు చివర ఏమీ లేదు. తండ్రికి 'కొడుకు', మాదిగ కులం, కూలి. అదే కాగితం ఆయన్ను భూమి యజమానిని చేస్తోంది, అదే కాగితం ఆయన్ను కూలీ అంటోంది. రాసిన లేఖరికి ఇందులో వింత కనపడలేదు. చెస్టర్ గుమస్తాకు రోజర్ పేరులో వింత కనపడనట్టే. 1956లో పార్లమెంటు ఆ నిర్వచనంలోంచి కులం అనే మాటను తీసేసింది. ఆ సవరణ వచ్చినప్పుడు మా తాత బతికే ఉన్నాడు. ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు.

విలన్, అంటరానివాడు ఒకటే అని నేను అనడం లేదు. అలా అంటే మన చరిత్రకు అన్యాయం చేసినట్టే. విలన్ పారిపోయి పట్టణంలో ఏడాది మీద ఒక్కరోజు తలదాచుకుంటే స్వేచ్ఛ పొందొచ్చని 12వ శతాబ్దం చివరి చట్ట గ్రంథమే చెప్తుంది. మనవాడు హైదరాబాద్ పోయినా, అమెరికా పోయినా ఇల్లు అద్దెకడిగితే ఇంటిపేరు అడుగుతున్నారు. విలన్‌తో కలిసి తినడానికి పొరుగు రైతుకు మైల లేదు. పెళ్లిళ్లు జరిగాయి, భూములు చేతులు మారాయి, 1348 నాటి ప్లేగు తరవాత కూలీల కొరతతో దొరలే దిగిరావలసి వచ్చింది. బాండ్ అనే పేరు విని ఈరోజు ఇంగ్లండ్‌లో ఎవరూ ముఖం తిప్పుకోరు. ఆ పేరు కడుక్కోవడం వల్ల పోయింది కాదు ఆ మచ్చ. దాని కింద ఉన్న వెట్టి పోయింది, మాట ఖాళీ అయింది. మనదగ్గర ఇంటిపేరు మార్చుకున్న మిత్రులను తప్పుపట్టే వాళ్లు ఈ తేడా చూడాలి.

ఒక మనిషిని విలన్ అని వాదించిన చివరి కేసు ఇంగ్లండ్ న్యాయ నివేదికల్లో 1618 నాటిది. తన సొత్తు లాక్కుపోయిన కేలీ అనే ఆసామి మీద ఒకతను కేసు వేస్తే, వాడు నా మేనరు విలన్ అని కేలీ అడ్డం తిరిగాడు. నూట యాభై నాలుగేళ్ల తరవాత, 1772లో, జేమ్స్ సోమర్సెట్ అనే నల్లజాతి బానిస కోసం లండన్‌లో వాదిస్తూ ఫ్రాన్సిస్ హార్‌గ్రేవ్ అనే వకీలు ఈ పాత కేసునే బయటికి తీశాడు. ఆ బంధం ఈ నేలమీద ఎప్పుడో చచ్చింది, దాన్ని ఇంకో పేరుతో మళ్లీ తేవడానికి వీల్లేదన్నాడు. కేలీ మీద కేసు వేసినవాడి ఇంటిపేరు పిగ్. అంటే పంది.

(7వ భాగంలో: బానిసత్వం పోయాక అమెరికాలో నల్లవాళ్లు ఫ్రీమన్ అనే పేరు ఎలా ఎంచుకున్నారు, యజమాని ఇంటిపేరు ఎవరు ఉంచుకున్నారు, ఎందుకు.)